గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్: ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత వేసుకోవాలి

నెల తప్పిన తర్వాత తొలిసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు డాక్టరు రాసిచ్చే చీటీలో దాదాపు ఎప్పుడూ కనిపించే మందు ఫోలిక్ యాసిడ్. పసుపు రంగులో ఉండే ఈ చిన్న మాత్రకు మన ఇళ్లలో ‘బలం మాత్ర’ అని పేరు. ఆ పేరే కొంత చిక్కు తెచ్చిపెట్టింది. బలానికే అనుకుంటే ఎప్పుడు మొదలుపెట్టినా ఫరవాలేదనిపిస్తుంది. గర్భధారణ వేళ దీని ముఖ్యమైన పని వేరు: బిడ్డ మెదడు, వెన్నుపాము రూపు దిద్దుకునే దశలో వచ్చే లోపాలను నివారించడం. ఆ పనికి కచ్చితమైన గడువు ఉంది. చాలామంది విషయంలో ఆ తొలి చీటీ చేతికి అందే నాటికే గడువు దాటిపోతుంది. కాబట్టి మాత్ర కొనడం కంటే ముందు మీరు చేయవలసిన పని ఒకటుంది.

ముందు తేదీలు లెక్క కట్టండి

పిండం వీపు వైపున పలకలా ఉండే కణజాలం గర్భం నిలిచిన మూడో వారంలో మడతపడటం మొదలవుతుంది. దాని రెండు అంచులూ దగ్గరకు వచ్చి, కలుసుకుని, గొట్టంలా మూసుకుంటాయి. దీన్ని నాడీనాళం అంటారు. పైభాగం మెదడుగానూ, మిగతాది వెన్నుపాముగానూ ఎదుగుతాయి. అండం ఫలదీకరణ చెందిన తర్వాత సుమారు 28 రోజులకు ఈ మూసుకోవడం పూర్తవుతుంది. పైకొస మూసుకోకపోతే మెదడులో చాలా భాగమూ, పుర్రె పైభాగమూ ఏర్పడవు. దీన్ని అనెన్‌సెఫలీ అంటారు. ఆ బిడ్డలు కడుపులోనే మరణిస్తారు, లేదా పుట్టిన కొద్ది గంటలకో రోజులకో కన్నుమూస్తారు. కిందిభాగంలో ఎక్కడైనా తెరుచుకునే ఉండిపోతే అది స్పైనా బైఫిడా, అంటే వెన్నుచీలిక. తీవ్రతను బట్టి కాళ్లలో పటుత్వం లేకపోవడం, మలమూత్రాల మీద అదుపు లేకపోవడం, తలలో నీరు చేరడం వంటి ఇబ్బందులు జీవితాంతం వెంటాడుతాయి.

ఇప్పుడు ఒక ఉదాహరణ వేసుకుందాం. మీకు 28 రోజులకొకసారి సక్రమంగా నెలసరి వస్తుందనీ, చివరి నెలసరి జూన్ 1న మొదలైందనీ అనుకోండి. జూన్ 15 ప్రాంతంలో గర్భం నిలుస్తుంది. తర్వాతి నెలసరి రావలసిన రోజు జూన్ 29. నాడీనాళం మూసుకోవడం జూలై 13 నాటికి ముగుస్తుంది. అంటే నెల తప్పిందని తెలియడానికీ గడువు ముగియడానికీ మధ్య ఉన్నవి రెండు వారాలే. ‘నాలుగు రోజులు చూద్దాం’ అనుకోవడంలో ఒక వారం, పరీక్ష చేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లే వీలు చూసుకోవడంలో ఇంకో వారం గడిచిపోతాయి. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదనే ఆచారం ఉన్న ఇళ్లలో ఆసుపత్రి ప్రయాణం కూడా కొన్నిసార్లు అంతవరకూ ఆగుతుంది. పీసీఓడీ వల్ల నెలసరి రెండు మూడు నెలలకొకసారి వచ్చే వారికి నెల తప్పిందన్న ఆనవాలే ఆలస్యంగా తెలుస్తుంది.

దీనికి తోడు, మాత్ర వేసుకున్న రోజునే రక్తకణాలలో ఫోలేట్ నిల్వలు నిండవు. రోజూ వేసుకుంటూ వస్తే తగిన మట్టానికి చేరడానికి కొన్ని వారాలు పడుతుంది. అందుకే గర్భం కోసం ప్రయత్నించే మూడు నెలల ముందు నుంచి మొదలుపెట్టడం ఉత్తమం, కనీసం ఒక నెల ముందైనా తప్పదు.

మొదటి మాత్ర ఏ రోజున?

గర్భనిరోధక మాత్రలు ఆపాలనుకున్నా, కాపర్ టీ తీయించుకోవాలనుకున్నా, ఆ నిర్ణయం తీసుకున్న రోజే మొదలుపెట్టండి. సంతానం కోసం చికిత్స చేయించుకునేవారు చికిత్స మొదలవడానికి ముందే అడిగి తీసుకోవాలి. పెళ్లయిన వెంటనే పిల్లలను వాయిదా వేసే ఆలోచన లేని జంటకు తాంబూలాలు పుచ్చుకున్న రోజు మంచి ముహూర్తం. పెళ్లి పనుల జాబితాలో పట్టుచీరల కంటే చాలా చవకైన అంశం ఇది. అయినా పెళ్లికి ముందు ఆ మాట ఎత్తడం అమ్మాయికీ, ఇంట్లోవారికీ బిడియంగా ఉంటుందని తెలుసు. అందుకే ఈ బాధ్యత కాబోయే వధువు ఒక్కదానికే వదిలేయకుండా, అక్కో వదినో మందు కొనితెచ్చి చేతిలో పెడితే పని సులువవుతుంది.

ఇప్పటికే గర్భంతో ఉండి, ముందు వేసుకోలేదని ఇది చదువుతూ కంగారుపడుతున్నవారు ఈ రోజే మొదలుపెట్టి, 12 వారాలు నిండేవరకు కొనసాగించండి. గడువు దాటిపోయినా ఫోలేట్ అవసరం తీరిపోదు. బిడ్డ ఎదుగుదలకూ, తల్లి రక్తానికీ అది కావాలి. ముందుగా మాత్ర వేసుకోని తల్లులకు కూడా అత్యధిక శాతం బిడ్డలు ఈ లోపాలు లేకుండానే పుడతారు. 18 నుంచి 20 వారాల మధ్య బిడ్డ అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్ మాత్రం తప్పక చేయించుకోండి.

మీకు ఎంత మోతాదు?

పెద్ద ముప్పు కారణాలేవీ లేని స్త్రీకి రోజుకు 400 మైక్రోగ్రాములు సరిపోతాయి. ఈ అంకె ఊరికే వచ్చింది కాదు. 1990లలో చైనాలో లక్షలాది స్త్రీలకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూశారు. ఈ లోపాలు ఎక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతంలో, గర్భానికి ముందు నుంచే మాత్ర వేసుకున్నవారిలో వెయ్యి గర్భాలకు 4.8గా ఉన్న సంఖ్య 1కి తగ్గింది. మొదటి నుంచీ తక్కువగా ఉన్న దక్షిణ ప్రాంతంలో 1 నుంచి 0.6కి తగ్గింది. అక్కడ ఫలితం అంత పెద్దది కాదు, కానీ ఫలితం ఉంది.

కొందరికి 4 లేదా 5 మిల్లీగ్రాముల పెద్ద మోతాదు అవసరమవుతుంది. గత గర్భంలో బిడ్డకు నాడీనాళ లోపం వచ్చినవారు వీరిలో మొదటివారు. 1991లో వెలువడిన బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రత్యేకంగా ఇలాంటి తల్లుల మీదే జరిగింది. ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో రోజుకు 4 మిల్లీగ్రాములు ఇచ్చినప్పుడు, లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. భార్యాభర్తల్లో ఎవరికైనా పుట్టుకతో ఈ లోపం ఉన్నా, తల్లికి గర్భానికి ముందు నుంచే మధుమేహం ఉన్నా, మూర్ఛకు కొన్ని రకాల మందులు వాడుతున్నా, సికిల్ సెల్ లేదా థలసీమియా ఉన్నా, పేగుల్లో పోషకాలు సరిగా ఒంటబట్టని జబ్బు ఉన్నా పెద్ద మోతాదు గురించి డాక్టరును అడగాలి. స్థూలకాయం విషయంలో మాత్రం వైద్య మార్గదర్శకాలు ఒకే మాట మీద లేవు. ఇతర కారణాలను కూడా చూసి డాక్టరు నిర్ణయిస్తారు. మధుమేహం ఉన్నవారు మాత్ర ఒక్కదానితో సరిపెట్టుకోకూడదు. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల రక్తంలో చక్కెర సగటు) 6.5 శాతం లోపుకు వచ్చాక గర్భానికి సిద్ధపడటం అంతకంటే ముఖ్యం, ఎందుకంటే తొలి వారాల్లో రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే గుండె, వెన్ను లోపాలు రెండూ పెరుగుతాయి.

స్ట్రిప్ తిప్పి చదవండి

మెడికల్ షాపులో ‘ఫోలిక్ యాసిడ్ ఇవ్వండి’ అంటే ఎక్కువసార్లు చేతికి వచ్చేది 5 మిల్లీగ్రాముల మాత్ర. ఒక మిల్లీగ్రాము అంటే వెయ్యి మైక్రోగ్రాములు. అంటే ఆ మాత్రలో 5000 మైక్రోగ్రాములున్నాయి, సాధారణ అవసరానికి పన్నెండున్నర రెట్లు. మందు చవక, మోతాదు ఎక్కువ, కాబట్టి మరీ మంచిదనుకోవడం సహజం. కానీ ముప్పు లేని స్త్రీలలో 5 మిల్లీగ్రాములు 400 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ రక్షణ ఇస్తాయని నిరూపణ కాలేదు.

ఎక్కువైతే నష్టమేమిటన్న ప్రశ్నకు జవాబు బి12 విటమిన్ దగ్గర ఉంది. బి12 లోపం వల్ల రక్తహీనత వస్తుంది, నరాలూ దెబ్బతింటాయి. పెద్ద మోతాదులో ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తహీనత సర్దుకుని పరీక్షలో అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం మాత్రం సాగుతూనే ఉంటుంది. అందుకే డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజుకు 1000 మైక్రోగ్రాములు మించరాదని పరిమితి పెట్టారు. మన దగ్గర శాకాహారుల్లో, మెట్‌ఫార్మిన్ (మధుమేహం మందు) వాడేవారిలో బి12 లోపం తరచుగా కనిపిస్తుంది. ఈ రెండు కోవల్లో ఉన్నవారు గర్భానికి ముందే బి12 పరీక్ష చేయించుకోవడం మంచిది. అయితే మీ డాక్టరు కావాలనే 5 మిల్లీగ్రాములు రాసి ఉంటే సొంతంగా తగ్గించకండి, కారణం అడగండి. అడగడం మీ హక్కు.

పెద్ద మోతాదు కావలసినవారు దాన్ని మల్టీవిటమిన్ మాత్రలు పదేసి మింగి భర్తీ చేయాలనుకోవడం ప్రమాదకరం. వాటిలో ఉండే విటమిన్ ‘ఎ’ మోతాదు మించితే అదే పుట్టుక లోపాలకు కారణమవుతుంది. ఫోలిక్ యాసిడ్ విడిగా ఉండే మాత్రే తీసుకోవాలి.

ప్రభుత్వం ఇచ్చే ఎర్ర మాత్ర చాలదా?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. 2018లో మొదలైన ‘అనీమియా ముక్త్ భారత్’ కార్యక్రమంలో బడి ఆడపిల్లలకు వారానికొకటి చొప్పున నీలం మాత్ర, ప్రసవ వయసు స్త్రీలకు వారానికొకటి ఎర్ర మాత్ర ఇస్తారు. రెండింటిలోనూ 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఇవి రక్తహీనత కోసం. వారానికి 500 మైక్రోగ్రాములంటే రోజుకు డెబ్బై ఒకటి, రెండు మాత్రమే. నాడీనాళ లోపాల నివారణను కూడా దృష్టిలో పెట్టుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వారపు మోతాదు 2800 మైక్రోగ్రాములు. గర్భిణులకు రోజూ ఇచ్చే ఎర్ర మాత్ర నాలుగో నెల నుంచి 180 రోజుల పాటు వేసుకోవలసినది. అప్పటికి నాడీనాళం మూసుకుని నెలన్నర దాటిపోతుంది.

అదే కార్యక్రమంలో గర్భానికి ముందూ, తొలి మూడు నెలలూ రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకోవాలన్న సూచన కూడా ఉంది. జనంలోకి సరిగా వెళ్లనిది ఆ ముక్కే. కాబట్టి ఆశా కార్యకర్తనో, ఏఎన్ఎంనో కలిసినప్పుడు ‘ఐరన్ మాత్ర’ అని కాకుండా ‘పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం, ఇనుము లేని 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర కావాలి’ అని విడమరచి అడగండి. అక్కడ లేకపోతే బయట కొనుక్కోవచ్చు.

రోజూ వేసుకునే పద్ధతి

దీనిలో పెద్ద నియమాలేమీ లేవు. పరగడుపునైనా, భోజనం తర్వాతైనా నీళ్లతో వేసుకోవచ్చు. కాఫీ, టీలతో తగువు ఇనుము మాత్రకే గానీ దీనికి కాదు. ఒక రోజు మరచిపోతే మరునాడు మామూలుగా ఒక్కటే వేసుకోండి, రెండు కలిపి వద్దు. మరపు రాకుండా ఉండాలంటే రోజూ తప్పకుండా చేసే పనికి ముడిపెట్టండి. పళ్లు తోముకునే బ్రష్షు పక్కన స్ట్రిప్ ఉంచడం దేవుడి గది కంటే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే పూజ ఒక్కోరోజు తప్పుతుంది. వేవిళ్లు మొదలై వాంతులవుతుంటే, రోజులో కడుపు కాస్త కుదుటగా ఉన్న వేళ చూసి వేసుకోండి. వాంతులకు ఈ మాత్రే కారణమనుకుని మానేసేవారున్నారు. ఆ పేరు సాధారణంగా వచ్చేది ఇనుముకు.

ఇంతకుముందు నుంచి వాడుతున్న మందులు

ఈ భాగం తొందరపడకుండా చదవండి. ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికా లెడర్లే సంస్థ బృందానికి నాయకత్వం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నను పోగొట్టుకున్న ఆయనకు ఆ జబ్బులో తగ్గిపోయే ఈ విటమిన్ మీద పట్టుదల ఉండటంలో ఆశ్చర్యం లేదు. కణం విభజన చెందాలంటే ఫోలేట్ కావాలి. ఆ సంగతి తెలిశాక అదే ప్రయోగశాల దారి మళ్లించి, ఫోలిక్ యాసిడ్ పనికి అడ్డుతగిలి క్యాన్సర్ కణాలను నిలువరించే మందులను తయారుచేసింది. మెథోట్రెక్సేట్ ఆ కోవలోనిదే.

ఇప్పుడు మెథోట్రెక్సేట్‌ను కీళ్లవాతానికి, సోరియాసిస్‌కు కూడా వారానికొకసారి వాడుతున్నారు. పిండం కణాలు కూడా వేగంగా విభజన చెందేవే కాబట్టి, గర్భంలో ఈ మందు బిడ్డకు తీవ్రమైన హాని చేస్తుంది. చిక్కేమిటంటే, దీనితో పాటు దుష్ప్రభావాలు తగ్గించడానికి డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. ‘నేను ఎలాగూ ఫోలిక్ యాసిడ్ వేసుకుంటున్నాను’ అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. ఆ మాత్ర మెథోట్రెక్సేట్‌ను గర్భానికి సురక్షితం చేయదు. కొన్ని నెలల ముందే కీళ్ల డాక్టరును కలిసి, మందు మార్పించుకున్న తర్వాతే గర్భం గురించి ఆలోచించాలి.

మూర్ఛకు, మూడ్ సమస్యలకు, కొన్నిసార్లు పార్శ్వపు తలనొప్పికీ వాడే వాల్‌ప్రోయేట్ కూడా వెన్నుచీలిక ముప్పును పెంచుతుంది. తొలి మూడు నెలల్లో ఈ మందు వాడిన తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి స్పైనా బైఫిడా రావచ్చు. పెద్ద మోతాదు ఫోలిక్ యాసిడ్ తీసుకున్నా ఆ ముప్పు పూర్తిగా పోతుందన్న హామీ లేదు. అలాగని ఇది చదివి రేపటి నుంచి మాత్ర ఆపేస్తే ఫిట్స్ తిరగబెట్టి తల్లి ప్రాణానికే ముప్పు రావచ్చు. నరాల డాక్టరుతో మాట్లాడి, గర్భానికి ముందే నెమ్మదిగా వేరే మందుకు మారడం ఒక్కటే సరైన దారి. కార్బమాజెపైన్ అనే మరో మూర్ఛ మందు వాడేవారూ, తరచుగా కోట్రైమాక్సజోల్ వంటి యాంటీబయాటిక్ తీసుకునేవారూ కూడా ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఆకుకూరలు తింటే చాలదా?

ఫోలేట్ అనే పేరే ‘ఆకు’ అనే అర్థమున్న లాటిన్ పదం నుంచి వచ్చింది. 1941లో అమెరికా శాస్త్రవేత్తలు దీన్ని టన్నుల కొద్దీ పాలకూర నుంచి వేరుచేశారు. మన వంటల్లోనూ దీనికి కొదవలేదు. పాలకూర, తోటకూర, మెంతికూర, శనగలు, అలసందలు, పెసలు, కందిపప్పు, వేరుశనగలు అన్నీ మంచివే. ఇబ్బంది వండటంలో ఉంది. ఫోలేట్ నీటిలో కరిగిపోతుంది, వేడికి నశిస్తుంది. ఆకును సన్నగా తరిగాక కడగడం, ఉడికించి నీరు వార్చేయడం, మళ్లీ మళ్లీ వేడిచేయడం వల్ల చాలా భాగం పోతుంది. కడిగిన తర్వాత తరగండి, మూతపెట్టి తక్కువ నీటిలో వండండి, మిగిలిన నీటిని పప్పులోనో చారులోనో కలిపేయండి.

అంత చేసినా, ఆహారంలోని ఫోలేట్ కంటే మాత్రలోని ఫోలిక్ యాసిడ్ సుమారు 1.7 రెట్లు ఎక్కువగా ఒంటబడుతుంది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల్లో మామూలు స్త్రీకి రోజుకు 220 మైక్రోగ్రాముల ఫోలేట్ అవసరమైతే, గర్భిణికి 570 కావాలి. ఆ తేడాను ఆకుకూరతోనే రోజూ పూడ్చడం కష్టం. కూర మానవద్దు, మాత్రా మానవద్దు.

బలవర్ధక బియ్యం గురించి కూడా చెప్పుకోవాలి. మన ప్రమాణాల ప్రకారం కిలో బియ్యంలో ఉండేది 75 నుంచి 125 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. రోజుకు 300 గ్రాముల బియ్యం వండుకున్నా 40 మైక్రోగ్రాములు దాటదు. అది అదనపు సాయం, మాత్రకు బదులు కాదు.

అమెరికాలో ఉన్న తెలుగువారు ఇంకో సంగతి గమనించాలి. 1998 జనవరి నుంచి అక్కడ ‘ఎన్‌రిచ్డ్’ అని ముద్రించే గోధుమపిండి, బ్రెడ్, బియ్యం వంటి వాటిలో 100 గ్రాముల ధాన్యానికి 140 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. ఆ తర్వాత ఆ దేశంలో నాడీనాళ లోపాలు బాగా తగ్గాయి. కానీ ఇండియన్ స్టోర్‌లో కొనే సోనా మసూరి సంచీ మీదా, చపాతీ ఆటా సంచీ మీదా ఆ మాట సాధారణంగా ఉండదు. అక్కడే ఉంటున్నా మన వంటే తినే ఇంటికి ఆ ప్రయోజనం పెద్దగా అందదు. సంచీ మీద ఆ ముద్ర ఉన్న బియ్యాన్ని కూడా నాలుగుసార్లు కడిగితే కలిపినది నీళ్లలో పోతుంది. అక్కడ ఎంటీహెచ్‌ఎఫ్ఆర్ (ఫోలేట్‌ను శరీరం వాడుకునే రూపంలోకి మార్చడంలో పాలుపంచుకునే జన్యువు) పరీక్ష చేయించుకుని, ఫోలిక్ యాసిడ్ బదులు ఖరీదైన మిథైల్‌ఫోలేట్ మాత్రలు కొనేవారు పెరిగారు. ఆ జన్యు తేడా ఉన్నవారి శరీరం కూడా ఫోలిక్ యాసిడ్‌ను వినియోగించుకోగలదు. నాడీనాళ లోపాలను నివారిస్తుందని అధ్యయనాల్లో రుజువైన రూపం ఫోలిక్ యాసిడే.

వేసుకున్నా లోపం వస్తే

ఫోలిక్ యాసిడ్ అన్ని పుట్టుక లోపాలనూ ఆపదు. డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోమ్ తేడాలకు ఇది విరుగుడు కాదు. నాడీనాళ లోపాల్లోనూ కొన్ని జన్యు కారణాల వల్ల వచ్చేవి ఉంటాయి, వాటికి మాత్ర తీసుకోవడంతో సంబంధం ఉండదు. అందుకే అన్నీ సక్రమంగా చేసినా స్కాన్‌లు తప్పించుకోవద్దు. అనెన్‌సెఫలీ చాలావరకు 11 నుంచి 14 వారాల స్కాన్‌లోనే కనిపిస్తుంది, వెన్నుచీలిక ఎక్కువగా టిఫా స్కాన్‌లో తెలుస్తుంది. లోపం కనబడితే ఇంట్లో మొదట వినిపించేది ‘నువ్వేం తిన్నావు, ఏం చేశావు’ అనే ప్రశ్న. గ్రహణం నాడు కత్తి పట్టుకోవడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఫీటల్ మెడిసిన్ నిపుణుల దగ్గరికి వెళ్లి లోపం తీవ్రత, ముందున్న దారులు ఏమిటో తెలుసుకోండి. తర్వాతి గర్భానికి 4 లేదా 5 మిల్లీగ్రాముల మోతాదు మూడు నెలల ముందు నుంచి మొదలుపెట్టాలన్నది ఆ రోజే మీ ఫైల్లో రాయించుకోండి.

12 వారాలు నిండాక 400 మైక్రోగ్రాముల మాత్ర స్థానంలో ఇనుము, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్ర మొదలవుతుంది, ప్రసవం తర్వాత కూడా అది 180 రోజులు కొనసాగుతుంది. కాల్షియం మాత్రకూ దీనికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి. పెద్ద మోతాదు వాడినవారు కూడా 12 వారాల తర్వాత దాన్ని అలాగే కొనసాగించకుండా డాక్టరును అడిగి తగ్గించుకోవాలి. రెండో బిడ్డ గురించి ఆలోచించే రోజున ఈ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, మొదటి కాన్పులో వేసుకున్న మాత్రల నిల్వ అప్పటికి మిగిలి ఉండదు.